‘పొగరు పుస్తకం వచ్చిందా అండీ?’

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 47 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్న పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా నా దగ్గరున్నాయి. ఏడాదికోసారైనా వాటిలో నాలుగైదు తీసి మళ్ళీ చదువుతాను. ‘అన్నీ ఒకటే కథ కదా. పొగరుబోతు హీరో, డబ్బులేని హీరోయిన్, చివరికి పెళ్ళి. ఎన్నిసార్లు చదువుతావు?’ అంటారు మా వారు. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయిదేమో ఇంకో గోల. ‘అమ్మా, మీ హీరోలంతా టాక్సిక్’ అంటుంది. తీరా అది ఫోన్లో చదువుతున్న ఇంగ్లీషు నవల కథేమిటని అడిగితే, అచ్చం నా పెట్టెలో ఉన్నదే చెప్పింది! అదే మాట అంటే ‘కాదమ్మా, ఇది ఎనిమీస్ టు లవర్స్, అంటే శత్రువులు కాస్తా ప్రేమికులయ్యేది. ఇదొక ట్రోప్’ అంది. ట్రోప్ అంటే ఏమిటి? ముగింపు ముందే తెలిసిన కథల్ని ఇలా మళ్ళీ మళ్ళీ చదవడం బుర్రలేని పనా? ఇంకో మాట. మేం ఇల్లు మారుతున్నాం. ఆ పెట్టె పాత పేపర్లవాడికి వేసేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, పెట్టె సంగతి చివర్లో చెబుతాను. అప్పటిదాకా ఆ పాత పేపర్లవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వీధి గదిలో మా అమ్మ అద్దె లైబ్రరీ నడిపేది. అయిదు రూపాయలు డిపాజిట్, రోజుకి పావలా అద్దె. రైల్వే క్వార్టర్స్ ఇల్లాళ్ళు, డ్యూటీ దిగి వచ్చే నర్సులు, స్టెల్లా కాలేజీ అమ్మాయిలు వచ్చేవాళ్ళు. వాళ్ళలో పుస్తకం పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ. ‘పొగరు పుస్తకం వచ్చిందా అండీ?’ అని ఒకావిడ. ‘పెళ్ళయ్యాక ప్రేమించుకునేది ఇవ్వండి’ అని ఇంకొకావిడ. ‘నాన్చేది వద్దు, రేపు మా ఆడపడుచు వస్తోంది, ఇవాళే అయిపోవాలి’ అనేవాళ్ళు. ‘మరీ ఏడిపించేది వద్దండీ, కళ్ళు వాస్తే అత్తగారికి జవాబు చెప్పుకోలేను’ అని ఒక కొత్త కోడలు అడిగేది. అమ్మ లేచి వెతికేది కూడా కాదు. కుర్చీలోంచే చెయ్యి చాపి సరైన పుస్తకం లాగి ఇచ్చేది. ఎందుకంటే ఆవిడ అలమర్లలో పుస్తకాలు అక్షరాల వరసలో ఉండేవి కావు, అడిగేవాళ్ళ వరసలో ఉండేవి. పై అరలో పొగర్లు, దాని కింద పెళ్ళయ్యాక ప్రేమలు, అడుగున ఏడుపులు.

మీ అమ్మాయి అన్న ట్రోప్ ఆ అరే. గ్రీకులో ఆ మాటకి మూలార్థం మలుపు. కథల గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పుడు దాన్ని వాడేది, ఎన్నో కథల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సన్నివేశానికి, లేదా ఇద్దరి మధ్య ఉండే ఫలానా రకం చిక్కుకి. అరలు కట్టడం మనకేం కొత్త కాదు. భరతుడి నాట్యశాస్త్రంలోనే ఎనిమిది రకాల నాయికలు ఉన్నారు. అలంకరించుకుని ఎదురుచూసేది ఒకతె, తనే బయలుదేరి వెళ్ళేది ఒకతె, మగడు దూరదేశం పోయినది ఒకతె. నాకు వాళ్ళలో ఇష్టమైనది కలహాంతరిత. పోట్లాడి, వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టి, వాడు అటు వెళ్ళగానే ‘అయ్యో’ అని కుమిలిపోయేది. ఆవిడే లేకపోతే మన నవలల్లో సగం పేజీలు ఖాళీ.

ఇక మీ వారి మాట. మా నాన్నగారు కూడా అచ్చం అదే అనేవారు. ఆయనకి పద్యనాటకాల పిచ్చి. శ్రీకృష్ణ రాయబారం ఆడుతున్నారంటే తెనాలి దాకా వెళ్ళి, తెల్లారాక ఎర్రటి కళ్ళతో ఇల్లు చేరేవారు. ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క లేదు. కృష్ణుడు రాయబారానికి వెళతాడు, దుర్యోధనుడు వినడు, యుద్ధం తప్పదు. ఈ సంగతి పందిట్లో పల్లీలు అమ్మే కుర్రాడికి కూడా తెలుసు. అయినా పద్యం అయిపోగానే ఈలలు, ‘వన్స్ మోర్’ కేకలు. కృష్ణుడు పాపం మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేవాడు. ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు కదా ఆ వన్స్ మోర్! ఆ రాగం ఈ నటుడు ఎలా తీస్తాడు, నిన్నటి నటుడు ఎక్కడ ఆపాడు, ఇతను ఎక్కడ ఆపుతున్నాడు అని. మరి అమ్మ కౌంటర్ దగ్గర ‘పొగరు పుస్తకం’ అడిగిన ఆవిడ చేసిందీ అదే. మగవాళ్ళు చేస్తే రసికత, ఆడవాళ్ళు చేస్తే పనిలేనితనం. ఈ మాట నాన్నగారితో అనే ధైర్యం నాకు ఆయన పోయేదాకా రాలేదు. మీ వారితో మీరు అనండి.

లైబ్రరీలో జరిగిన ఒక సంగతి చెబుతాను. అద్దె పుస్తకాలకి ముందు ఊడేది చివరి పేజీలే. బాగా గిరాకీ ఉన్న ఒక నవలకి ఆఖరి ఎనిమిది పేజీలు పోయాయి. కొత్త కాపీ దొరకలేదు. అమ్మ అట్ట మీద ‘చివరి పేజీలు లేవు’ అని పెద్ద అక్షరాలతో రాసి, అద్దె సగం చేసింది. అయినా తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగి ఇచ్చేటప్పుడు కౌంటర్ పట్టుకుని నిలబడేవాళ్ళు. ‘వాళ్ళు కలుస్తారని తెలుసండీ. అతను ఏమంటాడు? ఆవిడ వెంటనే ఒప్పుకుంటుందా?’ అమ్మ చెప్పేది. పక్క గదిలో లెక్కలు చేసుకుంటూ నేను వినేదాన్ని. కొన్నాళ్ళకి గమనించాను, అమ్మ అందరికీ ఒకేలా చెప్పడం లేదు. మొగుడు దుబాయ్‌లో ఉన్నావిడకి హీరో విమానం దిగి నేరుగా ఇంటికే వచ్చాడు. అత్తగారితో పడలేకపోతున్నావిడకి హీరో తల్లి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. ఇంకా పెళ్ళికాని నర్సుకి మాత్రం హీరోయిన్ వారం రోజులు గడువు అడిగింది. ముగింపు ఒకటే. అక్కడికి చేరే దారే వేరు.

ఎవరికి ఏ అర ఎందుకు కావాలన్నది తెలియాలంటే వాళ్ళింట్లో ఏది కరువో చూడాలి. అమ్మ కుర్చీ వెనక నిలబడి నేను నేర్చుకున్నదంతా ఇంతే.

పొగరు పుస్తకమే తీసుకోండి. ఇంగ్లీషులో దీనికి పెద్దదిక్కు 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. నాట్యసభలో హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్‌ని తక్కువ చేసి మాట్లాడతాడు, ఆమె చెవిన పడుతుంది. తర్వాత అతనే వచ్చి పెళ్ళాడమంటే ఆమె మొహం మీదే వద్దంటుంది. మన దగ్గర 1960లలో యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’తో ఆ అర నిండింది. ఆవిడ కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన మనిషి. ఆ నవల హీరోయిన్ జయంతి, హీరో రాజశేఖరం పేర్లు ఇప్పటికీ చుట్టాల పేర్లలా చెప్పేవాళ్ళున్నారు. అతని కారు, అతని హోదా చూసి పడిపోయారు ఆడవాళ్ళు అని అప్పట్లో విమర్శకులు తేలిగ్గా తీసేశారు. కారు కొంత నిజమే, కాదనను. కానీ కౌంటర్ దగ్గర నేను విన్నది కారు గురించి కాదు. ‘ఆవిడ ఎంత మాటంటే అంత మాట అందండీ!’ అని మెరిసే కళ్ళతో చెప్పేవాళ్ళు. పొద్దున్న లేచింది మొదలు ‘కాఫీ ఏదీ, చొక్కా ఏదీ’ తప్ప ఇంకో మాట వినని ఇల్లాలికి, తన ప్రతి మాటనీ పట్టించుకుని దానికి జవాబు వెతుక్కునే మగవాడు దొరికాడు. పోట్లాడాలంటే ఎదుటి మనిషి చెప్పింది వినాలి కదా! ఈ కథల్లో హీరో పొగరు పైకి కనిపించేది. లోపల ఉన్న సరుకు అతని శ్రద్ధ. ఆమె ఏ చీర కట్టుకుందో, ఏ మాటకి మొహం చిన్నబుచ్చుకుందో అతనికి గుర్తుంటుంది. శత్రువు కాబట్టి గుర్తుపెట్టుకుంటున్నానని వాడు అనుకుంటాడు. కాదని మనకి తెలుసు. వాడికంటే ముందు మనకి తెలియడంలో ఒక గమ్మత్తు ఉంది. ఆ గమ్మత్తు కోసమే మీరు ఏడాదికోసారి పెట్టె తెరుస్తున్నారని నా అనుమానం.

పెళ్ళయ్యాక ప్రేమ సంగతి ఇంకా చిత్రం. మీ అమ్మాయి చదివే ఇంగ్లీషు నవలల్లో దీనికి బోలెడు హంగామా కావాలి. వీలునామాలో షరతు అనో, వీసా అనో, ఏదో ఒక ఒప్పందం పెట్టి ముక్కూమొహం తెలియని ఇద్దర్ని ఒక ఇంట్లో పడేయాలి. మనకి ఆ శ్రమే లేదు. పెళ్ళిచూపుల్లో ఒక్క పూట చూసుకుని, రెండు నెలల్లో తాళి కట్టించుకుని, కొత్త మనిషితో కొత్త గదిలోకి వెళ్ళడం అప్పటి పాఠకురాళ్ళలో చాలామంది సొంత కథ. నవల వాళ్ళకి ఇచ్చింది ఆ తర్వాతి భాగం. ఆ కొత్త మనిషి ఒకరోజు తనని తీరిగ్గా చూస్తాడని, చూసి ఇష్టపడతాడని. కొందరికి అది ఇంట్లో జరిగింది, వాళ్ళు నవ్వుకుంటూ చదివారు. కొందరికి జరగలేదు. వాళ్ళే ఆ పుస్తకాన్ని రెండోసారి, మూడోసారి తీసుకెళ్ళేవాళ్ళు. అమ్మ వాళ్ళ దగ్గర మూడోసారి అద్దె తీసుకునేది కాదు.

ఉత్తుత్తి మొగుడూపెళ్ళాల కథ కూడా ఇందులోదే. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ చూడని తెలుగువాళ్ళుంటారా? ఉద్యోగాల్లేని ఎన్టీ రామారావు, సావిత్రి పంతులు ఉద్యోగాల కోసం భార్యాభర్తలమని అబద్ధం ఆడతారు. కొత్తగా కనిపెట్టినట్టు మీ అమ్మాయి ‘ఫేక్ రిలేషన్‌షిప్’ అంటే, ఆదివారం కూర్చోబెట్టి ఆ సినిమా చూపించండి. నటిస్తున్నాం అన్న సాకు ఉంది కాబట్టి ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు శ్రద్ధ చూపించొచ్చు, అలగొచ్చు, అసూయ పడొచ్చు, ఒప్పుకోనక్కర్లేదు. మనసులో మాట బయటికి చెప్పడం సిగ్గుమాలిన పని అని నేర్పే మనలాంటి ఇళ్ళల్లో ఇంతకంటే సుఖమైన ఏర్పాటు ఏముంటుంది?

ఒక హాస్యం కూడా చెప్పాలి. ఇంగ్లీషు నవలల్లో మహా ఇష్టమైన సన్నివేశం ఒకటుందట. హోటల్లో ఒక్కటే గది ఖాళీ, అందులో ఒక్కటే మంచం. మా సత్యనారాయణపురంలో రెండు గదుల్లో తొమ్మిదిమందిమి, మంచాలు తాతయ్యకీ జ్వరం వచ్చినవాళ్ళకీ మాత్రమే. మనకి కావలసింది ఒక్క మంచం కాదు, ఎవరూ లేని ఒక్క అయిదు నిమిషాలు. అందుకే మన కథల్లో ప్రేమంతా డాబా మీద, వడియాలు ఎత్తే నెపంతో, పెళ్ళింట్లో కరెంటు పోయినప్పుడు పుట్టింది.

ఇక కాళ్ళబేరం. పాఠకురాళ్ళు ప్రాణం పెట్టేది ఇక్కడే. తప్పు చేసిన హీరో దిగివచ్చి బతిమాలే ఘట్టానికి ఇంగ్లీషులో గ్రోవెల్ అని ప్రత్యేకంగా పేరుందట. ఇప్పటి అమ్మాయిలు దాన్నిబట్టి పుస్తకానికి మార్కులు కూడా వేస్తారు. మన భాషలో ఇది పదహారో శతాబ్దంలోనే శిఖరం ఎక్కింది. పారిజాత పుష్పం రుక్మిణికి ఇచ్చాడని సత్యభామ అలిగి పడుకుంటే, కృష్ణుడంతటివాడు కాళ్ళ దగ్గరికి వస్తాడు. ఆమె ఎడమకాలితో తల మీద తన్నినా కోపం తెచ్చుకోడు. అది నంది తిమ్మన పారిజాతాపహరణం. పండితులు దాన్ని తలకెత్తుకున్నారు, ఎవరూ ‘అన్నీ ఒకటే కథ’ అనలేదు. తప్పు తనదని మగవాడు నోరు తెరిచి అనడం మీరు మీ ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నారు? మా నాన్నగారు మంచివారే. పొరపాటు చేసిన రోజు స్వీట్ల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. అంతవరకే.

మారువేషం, మతిమరుపు, పోయిన ఉంగరం లాంటివి ఎక్కువ చెప్పను. శకుంతల కథతోనే వాటి పని పూర్తయిందని నా అభిప్రాయం. ఒకమ్మాయి కోసం ఇద్దరు అబ్బాయిలు అన్న కథ నాకు మొదట్నుంచీ పడదు. అందులో ఒకణ్ణి అనవసరంగా ఏడిపిస్తారు, లేదా చంపేస్తారు.

నాన్చుడు మీద మాత్రం ఒక మాట. చూపులు కలిసిన నాలుగు వందల పేజీలకి గానీ చేతులు కలవని కథలకి కారణం రచయిత్రుల బిడియం ఒక్కటే కాదు. మీ అమ్మ గారి బైండు పుస్తకాలు తీసి చూడండి. ప్రతి కొన్ని పేజీలకీ ఒక ఉలికిపాటు ఉంటుంది. తలుపు చప్పుడు, ఉత్తరం, ‘ఎవరది?’. అక్కడ ఆ వారం సంచిక అయిపోయింది. వచ్చే వారం మీరు మళ్ళీ పత్రిక కొనాలి. ఇప్పుడు ఫోన్లలో ఎపిసోడ్లుగా వచ్చే కథల్లోనూ అదే కిటుకు. నవల కొనేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఆడ పేర్లు పెట్టుకుని రాసిన మగ రచయితలు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. వాళ్ళకీ నాన్చడం బాగానే వచ్చు.

ముగింపు తెలిస్తే ఉత్కంఠ ఎక్కడిది అని మీ వారు అడుగుతారు. పమేలా రీజిస్ అనే అమెరికన్ పండితురాలు 2003లో రాసిన పుస్తకంలో, ప్రేమ నవలకి తప్పనిసరి అయిన ఎనిమిది అంశాలు చెప్పింది. వాటిలో ఒకటి, ఇక ఈ ఇద్దరూ కలవడం అసాధ్యం అనిపించే ఘట్టం. దాన్ని ఆవిడ ఒక రకమైన మరణంతో పోల్చింది. అర్ధరాత్రి దాటినా మనం లైటు ఆర్పలేనిది అక్కడే. కలుస్తారన్న హామీ ఉంది కాబట్టే అక్కడ నిర్భయంగా ఏడవగలం. నిజజీవితంలో ఆ హామీ లేదు కనక గుండె బిగబట్టుకుని ఉంటాం, ఏడుపు కూడా సరిగ్గా రాదు. మా లైబ్రరీ నుంచి అడుగు అర పుస్తకాలు ఎక్కువగా తీసుకెళ్ళింది కష్టాల్లో ఉన్నవాళ్ళే. మొదట్లో నాకది అర్థం కాలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి ‘టాక్సిక్’. ఇందులో నేను దాని పక్షం. మీ పెట్టెలో ఉన్నవాటిలో చెంపదెబ్బ కొట్టే హీరోలు ఉంటారు. వద్దన్నా చెయ్యి పట్టుకు లాగేవాడు, బలవంతాన తాళి కట్టి ‘నీ మంచికే’ అనేవాడు ఉంటారు. నేనూ వాటిని పదహారేళ్ళప్పుడు గుటకలు మింగుతూ చదివాను. మొన్న లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో అలాంటిదొకటి కనబడితే కొనుక్కొచ్చి మళ్ళీ చదివాను. చెంపదెబ్బ దగ్గర పుస్తకం మూసేశాను. పొగరు వేరు, దౌర్జన్యం వేరు. ఆ రోజుల్లో రెండిటినీ ఒకే అరలో పెట్టారు, మా అమ్మ కూడా పెట్టింది. వద్దన్న అమ్మాయి వెంటపడి తిరగడం 2013 నుంచి మన చట్టంలోనే నేరం. మీ అమ్మాయి తరం ఆ అరని రెండుగా విడదీసింది, మంచిపని చేసింది. అయితే కథలో ఇష్టపడ్డవాణ్ణి ఇంట్లోకీ కోరుకుంటారన్న లెక్క మాత్రం తప్పు. అమ్మ దగ్గర పొగరు పుస్తకాలు వదలకుండా చదివిన ఒక నర్సు, పెళ్ళిచూపుల్లో కొంచెం గొంతు పెంచాడని ఒక సంబంధం తిప్పికొట్టింది. ‘పుస్తకంలో అయితే మూసేయొచ్చు కదండీ’ అంది.

బుర్రలేని పనా అని అడిగారు. జానిస్ రాడ్‌వే అనే ఆవిడ అమెరికాలో ఒక ఊళ్ళో ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ళతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం రాసింది. ఎందుకు చదువుతారు అంటే వాళ్ళలో చాలామంది చెప్పింది కథ గురించి కాదు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఆ సమయం నాది, పిల్లలూ మొగుడూ అది తెలుసుకోవాలి అని. బ్యాంకు నుంచి వచ్చి, వంట చేసి, రాత్రి పదింటికి మీరు ఆ పెట్టె తెరిచినప్పుడు మీ వారికి చిరాకు వేసేది కథలన్నీ ఒకటే అయినందుకా, ఆ గంటసేపు ఆయన పిలిస్తే మీరు పలకనందుకా? ఒకసారి గమనించి చూడండి. నాకు రాయక్కర్లేదు.

ఇక పెట్టె. ఇవ్వకండి. ఆ బైండు కథల్లో చాలావాటికి ఇప్పుడు వేరే ప్రతి దొరకదు. మీ అమ్మ గారు పేజీలు చింపి, వరస తప్పకుండా పేర్చి, బైండు చేయించినవి అవి. పేజీల మధ్య ఆకుపచ్చ ఇంకుతో తారీఖులో, అంచుల్లో ‘అబ్బ!’ అనో ‘వీడి మొహం’ అనో రాసి ఉన్నాయేమో చూడండి. మా లైబ్రరీ పుస్తకాల్లో అయితే బోలెడు ఉండేవి. కొత్త ఇంట్లో చోటు లేకపోతే పెట్టె మీ అమ్మాయి మంచం కింద పెట్టండి. దానికి ఎండాకాలం సెలవుల్లో ఫోన్ పాడవకపోదు, కరెంటు పోకపోదు. ఇంకో రెండు పనులు చేయండి. నాఫ్తలీన్ ఉండలు మార్చండి. ప్రతి పుస్తకం చివరికి తిప్పి, ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే కథ ఎక్కడిదాకా వచ్చిందో నాకు రాసి పంపండి. మిగతాది నేను చెబుతాను. మీ ఇంటి సంగతులు కూడా రెండు ముక్కలు రాయండి, ఎలా చెప్పాలో తెలియాలిగా.